మూడు తెరలు, ఒక పిన్నీసు

చెప్పులు దర్వాజ లోపలే విడవండి. అరుగు మీద విడిస్తే పోయేటప్పుడు కాళ్లు కాలుతాయి. మే నెల, సోమవారం, మధ్యాహ్నం రెండు దాటింది. చిట్యాల తలుపులు దగ్గరేసుకుని పడుకుంది. హన్మకొండ నుంచి పరకాల మీదుగా వచ్చిన బస్సు నలుగురిని దింపి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా కూలర్ చప్పుడు ఒక్కటే.

నడిమి అర్రలోకి రండి. తల వంచండి, పాత ఇల్లు. నాలుగు రోజులుగా ఇదే మా చెల్లె ఆఫీసు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. అవ్వకు మోకాలి ఆపరేషన్ అయిందని చెప్పి, నెల రోజులు ఇంటి నుంచే పని చేస్తానని అడిగి వచ్చింది. కంపెనీ వాళ్లు లాప్‌టాప్ ఇచ్చి పంపారు గానీ అక్కడ ఆమె బల్ల మీదుండే రెండు మానిటర్లు ఇవ్వలేదు. పద్నాలుగు అంగుళాల తెరలో ఒక పక్క యాప్, ఒక పక్క ఎక్సెల్, వాటి మీద మీటింగ్. చూసి చూసి మెడ పట్టేసింది. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ మీటింగ్ ఉంది. న్యూయార్క్‌లో అప్పుడు పొద్దున తొమ్మిది.

నాది మెయిన్ రోడ్డు మీద జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. ఇంట్లో ఏ వైరు ఊడినా నన్నే పిలుస్తారు. ఇవాళ షాపుకు షట్టర్ వేసి రెండు మానిటర్లు, ఒక సంచెడు వైర్లు తెచ్చాను. సంచి గుమ్మరిస్తే నేల మీద పాముల పుట్ట విప్పినట్టుంది.

"అన్నా, ఆరున్నరలోపు అయితదా?"

"ఎంత సేపే? ఇరవై నిమిషాలు."

ఈ మాట మీరు కూడా విన్నారు కదా. గుర్తు పెట్టుకోండి.

బల్ల అంటే అవ్వ కుట్టు మిషను బల్లే. మిషను కిందికి దించి పైన దుప్పటి పరిచాం. లాప్‌టాప్ మధ్యలో, మానిటర్లు చెరో పక్క. కుడి పక్కది షాపులోది, ఇరవై రెండు అంగుళాలు, వెనక హెచ్‌డీఎంఐ ఉంది. ఎడమ పక్కది నేను ఎప్పుడో సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏదో ఆఫీసు తీసేసిన సరుకు. తెర బాగుంటుంది, కానీ వెనక వీజీఏ, డీవీఐ, డిస్‌ప్లే పోర్ట్ ఉన్నాయి, హెచ్‌డీఎంఐ లేదు. లాప్‌టాప్‌కేమో హెచ్‌డీఎంఐ ఒకటి, చూడటానికి కవలల్లా ఉండే టైప్-సి రంధ్రాలు రెండు. నా ఇరవై నిమిషాల లెక్క ఇక్కడే తప్పింది.

కుడి మానిటర్‌తో పేచీ లేదు. హెచ్‌డీఎంఐ వైరు ఈ కొసన గుచ్చి ఆ కొసన గుచ్చితే తెర రెండుసార్లు ఆరి వెలిగింది. చెల్లె ఎక్సెల్ అందులోకి జరిగింది. ఇక ఎడమది. సంచిలో ఒక చివర డిస్‌ప్లే పోర్ట్, ఇంకో చివర హెచ్‌డీఎంఐ ఉన్న వైరు దొరికింది. కుడిదాన్ని కాసేపు ఊడబీకి లాప్‌టాప్ హెచ్‌డీఎంఐలో దీన్ని గుచ్చి చూశాను. సరిగ్గా దిగింది, టక్కున చప్పుడు కూడా వచ్చింది. తెర మీద మాత్రం "నో సిగ్నల్". తీసి ఊది పెట్టాను. మళ్లీ నో సిగ్నల్.

తప్పు వైరుది కాదు. ఇది కంప్యూటర్ డిస్‌ప్లే పోర్ట్ నుంచి టీవీ హెచ్‌డీఎంఐకి పోయేందుకు చేసిన వైరు, ఆ ఒక్క దిక్కుకే. తిప్పి పెడితే రంధ్రాలు ఒప్పుకుంటాయి గానీ బొమ్మ ఒప్పుకోదు. చలివాగు నీళ్లను ఎదురు పారమంటే పారుతాయా? హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లే పోర్ట్‌కు పోవాలంటే మధ్యలో కరెంటు తిని పనిచేసే కన్వర్టర్ వేరే కావాలి. ఈ సంగతి నాకు తెలుసు. షాపుకొచ్చిన వాళ్లకు పదిసార్లు చెప్పి ఉంటాను. ఇంట్లో చెల్లె ముందు మర్చిపోయాను.

గోడకున్న గడియారం చూడకండి. రెండూ నలభై.

సరే, స్ప్లిటర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద నల్ల డబ్బా. ఒక హెచ్‌డీఎంఐ లోపలికి, రెండు బయటికి. పెళ్లిళ్ల సీజన్‌లో వీడియో వాళ్లు కిరాయికి తీసుకుపోతారు. పెళ్లి ఒకటే, మండపానికి అటొక ఎల్ఈడీ తెర, ఇటొక ఎల్ఈడీ తెర. దాని ఒక నోటి నుంచి కుడి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఇచ్చాను. రెండో నోటికి చిన్న వీజీఏ కన్వర్టర్ తగిలించి, పాత నీలం మూతి వైరుతో ఎడమ మానిటర్‌కు కలిపాను. రెండు మరలు వేళ్లతోనే బిగించాను.

ఎడమ తెర వెలిగింది. పచ్చగా వెలిగింది. తెల్లగా ఉండాల్సిన ఎక్సెల్ కాగితమంతా పసుపు ముద్దలో ముంచి తీసినట్టుంది.

అప్పటిదాకా గోడవారన నులక మంచం మీద కళ్లు మూసుకున్న బాపు లేచి కూర్చున్నాడు. "దానికి పసుపెందుకు పెట్టిన్రురా? పెండ్లిపిల్లను చేసిన్రా?"

ఇక్కడ మీరు కొంచెం ముందుకు వంగాలి. వైరు విప్పి ఫోన్ టార్చి కింద పెడుతున్నాను, చూడండి. వీజీఏ మూతిలో మూడు వరుసలు, వరుసకు ఐదు పిన్నులు, అన్నీ చీమ కాలంత సన్నం. ఐబీఎం 1987లో తెచ్చిన పద్ధతి ఇది. మా చెల్లె కంటే పెద్దది, ఇంకా బతికే ఉంది. మధ్య వరుసలో ఒక పిన్ను చాలా వైర్లలో మొదటి నుంచే ఉండదు. విరిగిపోయిందనుకుని మంచి వైర్లు పారేసిన వాళ్లను చూశాను. అది కాదు మనకు కావలసింది. పై వరుస చూడండి. మొదటిది ఎరుపు మోస్తుంది, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. మూడు రంగులు మూడు దారుల్లో విడివిడిగా వచ్చి తెర మీద కలిస్తేనే తెలుపు. నీలం రాకపోతే మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ కలిసి పసుపు అవుతాయి. అదిగో మూడో పిన్ను. కుంటివాడి కాలులా పక్కకు ఒరిగింది. ఎప్పుడో ఎవరో వంకరగా నొక్కి ఉంటారు. ఎవరో అంటున్నాను గానీ ఆ వైరు ముట్టేది నేనొక్కడినే.

"అవ్వా, ఒక పిన్నీసు ఇయ్యవా?"

అవ్వ కుర్సీలోంచి కదలలేదు, కదలొద్దన్నారు. కుడి చేతి గాజులకు వేలాడేసుకున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి తీసి ఇచ్చింది. "మళ్ల ఇయ్యాలె కొడకా. నీకిచ్చినయి ఎన్నడు తిరిగి రాలే."

పిన్నీసు మొన ఒరిగిన పిన్ను వేరు దగ్గర పెట్టి వెంట్రుకవాసి లేపాలి. పైకొస పట్టుకుని లేపితే పుటుక్కున విరుగుతుంది. కూలర్ గాలికి నా చెమట చుక్క ఒకటి ఆ మూతిలో పడబోయి తప్పింది. ఒక్కసారి... కొంచెం... ఇంకొంచెం. పక్క పిన్నులతో వరుస కలిసింది. మళ్లీ గుచ్చి మర బిగించి, మానిటర్ కింద ఆటో అని ఉన్న బటన్ నొక్కాను. తెర ఎడమకు జరిగి, కుడికి జరిగి, బట్టలు సవరించుకున్న మనిషిలా ఒక చోట నిలబడింది. తెల్లగా, మల్లెపువ్వులా ఉంది.

చెల్లె చప్పట్లు కొట్టి మౌస్ కదిలించింది. కుడి తెరలో బాణం కదిలింది. ఎడమ తెరలోనూ కదిలింది, అదే చోట, అదే వేగంతో.

"అన్నా, ఇది దాని నకలే కద."

నిజమే. ఇటొక ఎక్సెల్, అటొక ఎక్సెల్, ఒకే గడి. స్ప్లిటర్ చేసే పని అంతే. వచ్చిన ఒక్క బొమ్మను రెండు కాగితాల మీద జిరాక్స్ తీసి పంపుతుంది. లాప్‌టాప్ సెట్టింగ్స్‌లోకి పోయి చూస్తే ఒకటి, రెండు అని రెండే డబ్బాలు, మూడోది లేదు. దాని లెక్కలో బయట ఉన్నది ఒక్క మానిటరే. విండోస్ మీట, పి మీట కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టినా లాభం లేదు. లాప్‌టాప్ తెర వేరవుతుంది గానీ ఈ రెండూ మాత్రం చేతులు పట్టుకుని విడవవు.

బాపు అన్నీ వింటున్నాడు. చుట్ట చేతిలోనే ఉంది, డాక్టరు వద్దన్నాడు గనుక వెలిగించడు, చేతిలో తిప్పుతాడు.

"నైన్‌పాక గుడి సూసినవు గద? ఒక్కటే బండ, నాలుగు దిక్కుల నాలుగు దర్వాజలు. ఏ దర్వాజల నిలవడితె ఆ దేవుడు వేరే. గా బండకు ఏ వైరు గుచ్చిన్రురా?"

మా మండలంలోనే ఉంది ఆ గుడి. నున్నని గుట్ట రాయి ఒకదాన్ని నాలుగు ముఖాలా చెక్కి చుట్టూ గుడి కట్టారు, సర్వతోభద్రం అంటారు. చిన్నప్పుడు మేము ఒక దర్వాజలోంచి దండం పెట్టి, పరుగెత్తి ఇంకో దర్వాజలోంచి పెట్టేవాళ్లం, నలుగురు దేవుళ్లలో ఎవరికీ కోపం రాకుండా. బాపు మాట నవ్వులాట మాటే గానీ, సాయంత్రందాకా నా బుర్రలో అదే తిరిగింది. ఎందుకంటే నా షాపులో కూడా రెండు తెరలున్నాయి. ఒకటి నా వైపు, ఒకటి గిరాకీ వైపు. కులం సర్టిఫికెట్‌కో ఆదాయం సర్టిఫికెట్‌కో వచ్చిన మనిషి తన పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు అక్షరం అక్షరం చూసుకుంటాడు. "పటేలా, నీ పేరుల దీర్ఘం ఉన్నదా?" అని అడుగుతాను. అక్కడ నాకు నకలే కావాలి. నేను ఏం కొడుతున్నానో అదే ఆయనకు కనబడాలి, లేకపోతే తప్పు పడ్డ కాగితం పట్టుకుని ఆయన మళ్లీ తిరగాలి. ఆ తెర ఇద్దరు మనుషులకు. ఇక్కడ చెల్లె ఒక్కతే. ఒక్క మనిషికి రెండు నకళ్లు ఏం పనికొస్తాయి? ఆమెకు నైన్‌పాక కావాలి. నేను పెళ్లి మండపం తెచ్చి పెట్టాను.

మూడూ ఇరవై. చాయ్ వచ్చింది. తాగండి, అల్లం ఎక్కువేసింది చెల్లె.

ఇక మిగిలింది టైప్-సి. నా దగ్గరొక హబ్ ఉంది. పొట్టి తోక, ఒక పక్క హెచ్‌డీఎంఐ, ఇంకో పక్క వీజీఏ, రెండు మామూలు యూఎస్‌బీలు. స్ప్లిటర్ తీసేసి కుడి మానిటర్‌ను నేరుగా లాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి ఇచ్చాను. ఎడమదాన్ని హబ్ వీజీఏకి ఇచ్చి, హబ్ తోకను లాప్‌టాప్ టైప్-సి రంధ్రంలో గుచ్చాను. హబ్ మీద చిన్న దీపం వెలిగింది. మానిటర్ మాత్రం నో సిగ్నల్.

"కరెంటు పోతున్నది గద, బొమ్మెందుకు పోదు?" అంది చెల్లె.

ఈ టైప్-సి 2014లో వచ్చింది. అన్ని పనులకు ఒకే మూతి అన్నారు. మూతి ఒకటే, నిజమే. దాని వెనక ఏముందో ఆ మూతి చెప్పదు. నాట్లేసిన మడిలో ఊదగడ్డి వరిలాగే ఉంటుంది, ఈనేదాకా తెలియదు. ఒక రంధ్రం చార్జింగుకు, ఫైళ్లకు మాత్రమే. పక్కదాని వెనక బొమ్మ గీసే చిప్ నుంచి దారి వేసి ఉంటుంది. తేడా పట్టాలంటే రంధ్రం పక్కన ఇత్తనమంత గుర్తు చూడాలి. టార్చి పట్టు చెల్లె. అదిగో, మొదటి రంధ్రం దగ్గర చార్జింగ్ ప్లగ్ బొమ్మ. రెండోదాని దగ్గర ఇంగ్లిషు డి అక్షరం, దాని కడుపులో పి. అది డిస్‌ప్లే పోర్ట్ గుర్తు. పిడుగు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, ఇంకా మేలు, దాంట్లోనూ బొమ్మ పోతుంది. ఏ గుర్తూ లేని లాప్‌టాప్‌లూ ఉంటాయి. అప్పుడు మోడల్ నంబర్ పట్టుకుని వెతుక్కోవడమే.

తోక ఊడబీకి పక్క రంధ్రంలో పెట్టాను.

ఎడమ తెర ఆరింది. మేమంతా ఊపిరి బిగబట్టాం, మీరు కూడా. అప్పుడు వెలిగింది. ఖాళీగా, నీలం వాల్‌పేపర్ ఒక్కటే, ఒక్క ఎక్సెల్ గడి లేకుండా. ఖాళీ తెర చూసి నేనింత సంబరపడ్డది ఇదే మొదలు. సెట్టింగ్స్‌లో ఐడెంటిఫై నొక్కితే లాప్‌టాప్ మీద 1, కుడిదాని మీద 2, ఎడమదాని మీద 3, ఒక్కొక్కటీ అరచేయంత అంకెలు.

"ఇప్పుడు నైన్‌పాక," అన్నాడు బాపు.

చెల్లెకు ఆశ పెరిగింది. "హబ్‌ల హెచ్‌డీఎంఐ ఖాళీగనే ఉన్నది కదన్నా, ఇంకో మానిటర్ తెస్తే?" తేవచ్చు, కానీ ఇలాంటి చవక హబ్‌లలో రెండు మూతులూ కలిపి వాడితే చాలావాటిలో మళ్లీ నకలే వస్తుంది. ఒకే తీగలో రెండు వేరే బొమ్మలు పంపాలంటే ఎంఎస్‌టీ అనే పద్ధతి హబ్‌లోనూ ఉండాలి, లాప్‌టాప్ కూడా ఒప్పుకోవాలి. ఆపిల్ మాక్‌లు దాంతో తెరలు పెంచనివ్వవు. పైగా లోపలి చిప్ ఎన్ని బొమ్మలు గీయగలదో అన్నే తెరలు. ఇంటెల్ చిప్‌లు చాలా కాలం మూడు దగ్గర ఆగాయి, 2020లో పదకొండో తరంతో నాలుగయ్యాయి. అదే ఏడాది వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్‌కు బయట ఒక్క మానిటరే. మూత తెరిచి ఉంచి బయట రెండు పెట్టుకోవడం ఎయిర్‌లో 2025లో ఎం4తో వచ్చింది. రంధ్రాలు లెక్కపెట్టి మానిటర్లు కొంటే దెబ్బ తింటాం. డిస్‌ప్లేలింక్ అని ఇంకో అడ్డదారి ఉంది. బొమ్మను మామూలు ఫైలులా నలిపి యూఎస్‌బీలో పంపి, అవతల విప్పుతుంది. దానికి డ్రైవర్ ఎక్కించాలి. ఆఫీసు లాప్‌టాప్‌లో చెల్లె సొంతంగా గడియారం కూడా మార్చలేదు, డ్రైవర్ ఎక్కడ ఎక్కిస్తుంది?

తెరలు వచ్చాయి గానీ మౌస్ తప్పిపోయింది. ఎడమకు తోస్తే ఎడమ గోడకు కొట్టుకుని ఆగుతుంది. కుడికి తోస్తే 2 దాటి, ఎక్కడో దూరంగా ఎడమ పక్కనున్న 3లో తేలుతుంది. మానిటర్ ఎక్కడ పెట్టామో లాప్‌టాప్‌కు కళ్లున్నాయా? మనమే చెప్పాలి. సెట్టింగ్స్‌లో 3 అనే డబ్బాను పట్టి లాగి 1కి ఎడమ పక్కన పెట్టాను. ఇప్పుడు దాటింది గానీ సగం దాకే. పైన ఒక చోట బాణం ఆగిపోతుంది. డబ్బాల తలలు కలవలేదు. కలవని చోట కనిపించని గట్టు ఉంటుంది, మౌస్ ఆ గట్టెక్కలేదు. 3ను కొంచెం జరిపి అంచులు కలిపితే గట్టు తెగింది. చెల్లె బాణాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మూడుసార్లు ఉరికించింది, చిన్నప్పుడు గుడి చుట్టూ ఉరికినట్టు.

నాలుగూ యాభై. ఇరవై నిమిషాలని ఎవరన్నారు?

అప్పుడే బాపు లేచి నిలబడ్డాడు. ముక్కు ఎగబీల్చాడు. దర్వాజలోంచి చూడండి, పడమర నల్లగా అయింది. మన్ను వాసన.

"వడ్లు!"

కొనుగోలు కేంద్రం దగ్గర మా కుప్ప ఉంది. తేమ తగ్గాలని ఆరబోసి ఐదు రోజులైంది, కాంటా ఇంకా కాలేదు. రండి, చెప్పులు వేసుకునే టైం లేదు. బండి మీద బాపు వెనక, టార్పాలిన్ చుట్ట ఆయన చంకలో. గాలిదుమారం కళ్లలో మన్ను కొడుతోంది. అక్కడ అందరూ ఉరుకుతున్నారు. ఎవరి కుప్ప ఎవరిదని లేదు, పట్టా ఏ మూల లేస్తే ఆ మూల పట్టుకోవడమే. మేము ఒక కొసన రాయి పెడితే గాలి ఇంకో కొస లేపుతుంది. బాపు కుప్ప అంచున పడుకున్నంత పని చేశాడు. పది నిమిషాలు కొట్టింది వాన, పెద్ద పెద్ద చినుకులు. కింద అంచు ఒక్కటి తడిసింది, మిగతావి దక్కాయి. అంచు వడ్లు చేత్తో ఎగదోసి వచ్చాం.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. మా జిల్లాలోనే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. అయినా గాలికి చెట్టు కొమ్మ వైరు మీద పడితే ఏ మెగావాట్లు ఏం చేస్తాయి? ఆరూ ఐదు. నడిమి అర్రలో చీకట్లో లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది. రెండు మానిటర్లు నల్లగా, కళ్లు మూసుకుని. వాటిలో పెట్టిన విండోలన్నీ వచ్చి చిన్న తెర మీద ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి.

"అన్నా, అయిపోయింది," అంది చెల్లె. కళ్లలో నీళ్లు.

"ఆగవే. ఇన్వర్టర్ ఉన్నది గద."

ఇన్వర్టర్ ఉంది, కానీ లైట్లకు, ఫ్యాన్లకు, అవ్వ గదికి. మానిటర్లకు లైను ఇవ్వలేదు, లోడు ఆగదేమోనని బాపు భయం. లెక్క చెప్పాను: ఈ ఎల్ఈడీ మానిటర్లు ఒక్కొక్కటి ఇరవై, ఇరవై ఐదు వాట్లు. మా పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే డెబ్బై ఐదు. ఒక ఫ్యాన్ బంద్ చేస్తే రెండు మానిటర్లు నడిచి ఇంకా మిగులుతుంది.

"వానకు సల్లగయింది గద, నా ఫ్యాన్ తీసెయ్యి," అంది అవ్వ లోపలి నుంచి.

ఆమె గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాను. వైరు గడప దాటి, మంచం కోళ్ల మధ్య నుంచి, బాపు కాళ్ల పక్క నుంచి వచ్చింది. రెండు ప్లగ్గులు పెట్టాను. ఎడమది వెలిగింది, కుడిది వెలిగింది. ఆ తర్వాత, మేమెవరం ముట్టకుండానే, కుప్పపడ్డ విండోలు లేచి ఎవరి చోటికి వాళ్లు పోయారు. యాప్ ఎడమకు, ఎక్సెల్ కుడికి. విండోస్ 11 వచ్చినప్పటి నుంచి ఏ మానిటర్‌లో ఏది ఉండేదో యాది పెట్టుకుంటుంది. సాయంత్రం పూట కోళ్లు గూటికి పోయినట్టు పోయాయి.

ఆరూ ఇరవై తొమ్మిది. చెల్లె తల దువ్వుకుంది, చున్నీ సర్దుకుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నెట్టు ఫోన్ హాట్‌స్పాట్ నుంచి, ఫోన్ కిటికీ ఊచకు దారంతో కట్టేసి ఉంది. మధ్య తెరలో చిన్న చిన్న ముఖాలు వచ్చాయి. "గుడ్ మార్నింగ్," అంది చెల్లె. బయట కప్పలు మొదలయ్యాయి.

మీరు, నేను, బాపు ఇటు గోడవారన కూర్చుందాం, కెమెరాలో పడకుండా. బాపు ఎడమ తెర కేసి చూస్తున్నాడు. తల మీద ఇంకా రెండు వడ్ల గింజలున్నాయి. చెల్లె ఒక్కో డబ్బా నొక్కి చూసి, కుడి తెరలో పాస్, ఫెయిల్ అని రాస్తోంది. పచ్చ గడులు, ఎర్ర గడులు. బాపుకు ఇంగ్లిషు రాదు. రంగులు తెలుస్తాయి.

"ఎర్రవి ఎక్కువున్నయేందిరా?" అన్నాడు నా చెవిలో.

"తప్పులు పట్టుడే దాని పని, బాపు."

"జీతమిస్తరా దానికి?"

లోపలి గదిలోంచి అవ్వ పిలిచింది, మీటింగ్‌లో వినబడకుండా సన్నగా. నేను లేచి వెళ్లాను. చీకట్లో చెయ్యి చాపి కూర్చుంది.

"నా పిన్నీసేది?"

జేబులు తడిమాను. లేదు. వడ్ల దగ్గరే పడిందో, బండి మీద పడిందో.